తాళాలాయన ఇంటిదారి పట్టిన వేళ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం జూన్ నెల పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, జల సరఫరా, మురుగునీటి పారుదల సంస్థవారి కేంద్ర వాహనశాలలోకి, అనగా మనమందరం ‘డిపో’ అని ముద్దుగా పిలుచుకునే ఈ నూనె మరకల సామ్రాజ్యంలోకి, ఒక చేత నియామక పత్రమూ మరొక చేత భోజనం క్యారియరూ ధరించి సహాయ ఫోర్‌మన్‌గా ప్రవేశించిన మహనీయులు, ఈ నెలాఖరున వాహన విభాగాధిపతిగా సకల గౌరవాలతో పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు వారు ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చారు. డిపోలో తెల్ల చొక్కా ఆయుర్దాయం ఎంతో ఎరిగిన మేము పనులాపి మరీ చూస్తూ నిలబడ్డాం. వారు ఎవరితోనూ మాట్లాడకుండా, గేరు పడక మొరాయిస్తున్న ఒక నీళ్ల ట్యాంకరు కిందికి నేరుగా దూరిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళకు బయటికి వచ్చినప్పుడు ఆ చొక్కా ఏ రంగులో ఉన్నదో చెప్పడానికి చాలినంత మాట మన భాషలో లేదు. ట్యాంకరు మాత్రం కదిలింది.

ఈ అభినందన సంచికకు వ్యాసం రాయవలసిందిగా సంపాదకవర్గంవారు నన్ను కోరుతూ, ‘పెద్దవారు, హెడ్ మెకానిక్కుగా ఆయనతో కలిసి పనిచేసినవారు, పైగా మీ తెలుగు గట్టిది’ అన్నారు. అసలు సంగతి నాకు తెలియకపోలేదు. రిటైరై ఇన్నేళ్లయినా రోజూ టీ వేళకు డిపోకి హాజరవుతున్నవాణ్ణి, ప్రస్తుతం ఏ పనీ లేనివాణ్ణి, నేనొక్కణ్ణే. అయినా మాట ఇచ్చాను గనుక, ఉన్నది ఉన్నట్టుగా, అక్కడక్కడా ఉన్నదానికన్నా కాస్త ఎక్కువగా, విన్నవించుకుంటాను.

సాధారణ జనానికి కుళాయి తిప్పితే నీళ్లు రావడం, కాలువ పొంగితే ఎవరో వచ్చి బాగుచేయడం ప్రకృతి ధర్మాలుగా కనిపిస్తాయి. తెల్లవారుజామునే ట్యాంకర్లు నీళ్ల కేంద్రాలకు చేరకపోతే, మురుగు లాగే లారీలు సందుల్లోకి వెళ్లకపోతే, పైపులు అతికే గ్యాంగుల వ్యాన్లు గుంత తవ్విన చోటికి అందకపోతే, ఆ ప్రకృతి ధర్మం ఒక్క పూటలో తలకిందులవుతుందని తెలిసినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యులు మన సారు. ఏ బండి ఏ వేళకు ఎటు పోవాలి, దేనికి నూనె మార్చాలి, దేన్ని ఇక వదిలేయాలి అన్న విచక్షణ వారికి ఊపిరి తీసినంత సహజంగా అబ్బింది. బండి గేటు మలుపు తిరగకముందే చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవారు. చప్పుడు విని నడిపేవాడి జబ్బు కూడా చెప్పేవారని నేను అంటూ ఉంటాను గాని, ఇది ఎవరూ నమ్మరు.

వారు ఫోర్‌మన్ అయిన నాటినుంచి ఈ డిపోలో ఒక ఆచారం నడుస్తున్నది. బళ్ల తాళాలన్నీ గేటు పక్కన చెక్క బోర్డుకి కొక్కేలు కొట్టి తగిలించి ఉంటాయి. ఉదయం ఏ డ్రైవరూ తన తాళం తాను తీసుకోరాదు. సారే స్వయంగా తీసి, డ్రైవరు కళ్లలోకి చూసి, ఒక్క ప్రశ్న వేసి, ఆ తర్వాతే చేతిలో పెడతారు. అందుకే వారి అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. డిపోకంతటికీ వారు ‘తాళాలాయన’. ఎర్రని కళ్లతో వచ్చిన ఒక డ్రైవరుతో జరిగిన సంభాషణ నా చెవుల్లో ఇంకా ఉంది.

“రాత్రి నిద్ర పట్టిందా?”

“బ్రహ్మాండంగా పట్టింది సార్.”

“కళ్లు అలా చెప్పట్లేదే?”

“కళ్లదేముంది సార్, మా ఇంట్లో అందరికీ పుట్టినప్పట్నించీ ఎరుపే.”

“అలాగా. అయితే అవి తెల్లబడేదాకా ఆ బెంచీ మీద కూర్చో. టీ చెప్తాను.”

ఆ డ్రైవరు బెంచీ మీద కూర్చున్నాడు, టీ తాగాడు, అక్కడే ఒరిగి సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా గురక పెట్టాడు. ఆ రోజు అతని బండి వేరొకరు తీసుకెళ్లారు. అతని పాప జ్వరంతో ఉన్నదనీ, రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేదనీ అతను లేచాక సారు అడిగి తెలుసుకుని, సెలవిచ్చి ఇంటికి పంపారు. ఇన్నేళ్లలో మన డిపో బండి నిద్రమత్తులో ఎవరినీ గుద్దలేదంటే అది ఆ ప్రశ్న చలవే.

ఉద్యోగంలో స్థిరపడిన కొన్నాళ్లకు వారికి వివాహమైంది. వధువు ఒక దూరపు పట్టణంలో ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు. మధ్యలో ఒక రాత్రంతా బస్సు ప్రయాణం. ముహూర్తం పెట్టినవారు అన్నీ చూశారు గాని బస్సు వేళలు చూడలేదు. పెళ్లి సెలవు కాగానే ఆవిడ వార్డుకీ, ఈయన షెడ్డుకీ వెళ్లిపోయారు. ఇద్దరిలో ఒకరు త్వరలోనే బదిలీ చేయించుకోవాలన్నది ఒప్పందం. ఆ ‘త్వరలోనే’ అనే మాట ఎంత పొడవుంటుందో పాపం ఆనాడు ఇద్దరికీ తెలియదు.

సంస్థకు ఆవిడ ఉండే పట్టణంలోనూ ఒక చిన్న శాఖ ఉన్నది. నాలుగు ట్యాంకర్లు, ఒక జీపు, నిద్రపోయే వాచ్‌మను. అక్కడికి వారికి బదిలీ ఉత్తర్వు వచ్చిన ఏడాదే వర్షాలు మొహం చాటేశాయి. నదిలో ఇసుక తప్ప మరేమీ మిగల్లేదు. నగరమంతా మన ట్యాంకర్ల కోసం బిందెలు వరసపెట్టి కూర్చుంది. ఎండలు ఎటువంటివంటే, రోడ్డు మీది తారు కరిగి చక్రాలకు చుట్టుకుని, ఒక డ్రైవరు సాయంత్రానికి సగం వీధిని డిపోలోకి లాక్కొచ్చేశాడు. ‘ఎక్కడి వీధి అక్కడ దింపి రా’ అని సారు అతన్ని వెనక్కి పంపారు. ఇందులో మీరు కొంత తగ్గించుకుని నమ్మవచ్చు. కానీ వారు ఆ వేసవిలో ఇంటి మొహం ఎరగకుండా, షెడ్డులోనే పడుకుని, ఒక్క బస్తీకి కూడా ట్యాంకరు తప్పకుండా చూశారన్నది మాత్రం ఒక్క గింజ కూడా తగ్గించుకోనక్కరలేదు.

ఆ రోజుల్లో డిపోకంతా ఒకే ఫోను, షెడ్డు మధ్యలో స్తంభానికి ఉండేది. అవతలివాళ్లు గుసగుసలాడినా ఇవతల రెంచీలు ఆగి వినేవి.

“ఏమోయ్, ఉత్తర్వు వచ్చింది గానీ... ఈ ఒక్క ఎండాకాలం గడవనీ. వచ్చేస్తాను.”

“సరే లెండి. ఎండాకాలం ఎక్కడికి పోతుంది, గడుస్తుంది.”

గడిచింది. ఉత్తర్వు కూడా గడువు దాటిపోయింది. మరి రెండేళ్లకు ఆవిడకు నగరంలోని ఆసుపత్రికి బదిలీ అయింది. ఈసారి ఫోనులో ఆవిడ అన్నారు: “వార్డులో నాతోటి సిస్టరు కూడా సెలవులో ఉందండీ. ఈ నెల కాన్పులన్నీ కానివ్వండి, వస్తాను.” ప్రపంచంలో కాన్పులు ఆగిన నెల నాకు తెలిసి ఇంతవరకు రాలేదు. కాబట్టి దోషం ఒక్కరిదే అని ఎవరూ అనుకోరాదు. ఇద్దరూ ఇద్దరే. ఒకరు ఊరికి నీళ్లందిస్తూ, మరొకరు లోకానికి మనుషుల్ని అందిస్తూ, ఎవరి గేటు దగ్గర వాళ్లు ఉండిపోయారు. వారికి కలిగిన ఏకైక కుమార్తె తల్లి దగ్గరే పెరిగింది. నాన్న ఏం చేస్తారని అడిగితే, ఇంట్లో కుళాయి వైపు చూపించి, ‘నాన్న పంపాడు’ అనేదట. ఆ కుళాయికీ వీరి డిపోకీ ఏ సంబంధమూ లేదు. అయినా సారు ఆ మాట చెప్పిన రోజున చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

వారిలోని మనిషిని తెలిపే ఒక సంఘటన ఇక్కడ చెప్పకపోతే ఈ వ్యాసం అసమగ్రం. ఒకానొక వానాకాలంలో అమ్మగారు సెలవు పెట్టుకుని నగరానికి వచ్చారు. అప్పటికి భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని ఆరు నెలలు. ఆ ఉదయమే కుండపోత. బస్సులు ఆగిపోయాయి. సారేమో బళ్లన్నిటినీ నీళ్లు నిలిచిన వీధుల మీదికి తోలుతూ గేటు వదల్లేని స్థితి. బస్టాండు దగ్గర మోకాలి లోతు నీళ్లలో పెట్టె నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ఆవిడను మన మురుగు లాగే లారీ డ్రైవరు చూశాడు. ‘అమ్మగారూ, వాసన కాస్త ఓర్చుకుంటే డిపో దాకా దింపుతాను’ అన్నాడు. ప్రసూతి వార్డు చూసిన మనిషికి వాసన ఒక లెక్కా? ఎక్కి కూర్చున్నారు. లారీ గేటులోకి వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆరు నెలల తర్వాత ఇల్లాలు, తడిసిన చీరతో, చేతిలో పెట్టెతో, మురుగు లారీ మెట్టు మీద ప్రత్యక్షమైంది. సారు ఆవిడను చూశారు, లారీని చూశారు, డ్రైవరు వైపు తిరిగి అడిగారు:

“ఈ బండి రూటు తప్పి ఇటెందుకొచ్చింది? ఎవరి పర్మిషను?”

అమ్మగారు మెట్టు దిగకుండానే అన్నారు: “బాగుంది! ఆర్నెల్ల తర్వాత పెళ్లాం కనబడితే అడిగే మాట ఇదా? తిప్పవయ్యా బండి, నన్ను మళ్లీ ఆ నీళ్లలోనే దింపెయ్.”

షెడ్డంతా ఘొల్లుమంది. సారు చెవులు ఎర్రబడ్డాయి. గబగబా వెళ్లి పెట్టె అందుకుని, చెయ్యి అందించి, తానూ తడుస్తూ ఆవిడను ఆఫీసు గదిలోకి తీసుకెళ్లారు. డ్రైవరుకు మందలింపూ దక్కింది, ఆ సాయంత్రం వారి క్వార్టర్సులో భోజనమూ దక్కింది. రెండూ ఒకే మనిషి చేతిమీదుగా.

కాలక్రమాన వారు షెడ్డు సూపరింటెండెంటుగా, పిదప వాహన విభాగాధిపతిగా పదోన్నతి పొందారు. అధిపతి హోదాలో వారు స్థిరపరిచిన పద్ధతుల్లో సర్వప్రధానమైనది స్పేరు బండి. ఎంత రద్దీ ఉన్నా, ఎంత ఒత్తిడి వచ్చినా, డిపోలో ఒక బండి మాత్రం బయటికి పోరాదు. డీజిలు నిండా పోసి, టైర్లు చూసి, ప్రాణాపాయం వేళ కావలసిన తాళ్లూ గాలి సిలిండర్లూ లోపల సర్ది, గేటువైపు ముఖం పెట్టి నిలబెట్టాలి. తనిఖీకి వచ్చిన పెద్దలందరూ దాన్ని చూసి ముఖం చిట్లించేవారు.

“ఇంత అవసరం ఉంటే, ఆ బండిని ఊరికే నిలబెట్టారేమిటయ్యా?”

“ఊరికే లేదండీ. సిద్ధంగా ఉంది.”

ఒక మధ్యాహ్నం మ్యాన్‌హోలులో దిగిన మన గ్యాంగు మనిషి ఒకడు లోపలి విషవాయువుకి సొమ్మసిల్లాడు. బయటి బండ్లన్నీ దూరాన ఉన్నాయి. అంబులెన్సు ట్రాఫిక్కులో చిక్కుకుంది. స్పేరు బండి మాత్రం కబురందిన మరుక్షణం గేటు దాటింది. అందులోని గాలి సిలిండరు తగిలించుకుని తోటివాడొకడు దిగి అతన్ని పైకి తెచ్చాడు. ఈనాడు ఆ సొమ్మసిల్లిన మనిషి గ్యాంగు పెద్ద. అందరం అతన్ని ‘రెండో పుట్టుక’ అని పిలుస్తాం. ఆ సంఘటన తర్వాత ఏ తనిఖీ అధికారీ ఆ బండి సంగతి ఎత్తలేదు.

ఈలోగా ఏళ్లు గడిచాయి. రెండోసారి వచ్చిన బదిలీ వరదల్లో కొట్టుకుపోయింది. మూడోసారి వచ్చినది, బళ్ల కదలికలన్నీ కంప్యూటరు తెరమీద చూపించే కొత్త ఏర్పాటులో మునిగిపోయింది. ప్రతిసారీ ‘ఈ ఒక్క ఎండాకాలం’, ‘ఈ ఒక్క వానాకాలం’. కుమార్తె చదువు ముగించి, టీచరై, పెళ్లి చేసుకుని తన సంసారంలో తాను కుదురుకుంది. అమ్మగారు రెండేళ్ల క్రితం పదవీ విరమణ పొంది, సామాన్లు సర్దుకుని నగరానికి బయలుదేరబోతే, సారే వారించారు. ‘ఇక్కడ ఒంటిగది క్వార్టర్సు. రెండేళ్లలో నేనే వచ్చేస్తానుగా, ఇల్లు కదపకు’ అన్నారు. ఆవిడ ఇల్లు కదపలేదు. వంటింట్లో ఇద్దరికి సరిపడా గిన్నెలు బోర్లించుకుని, కాలెండరు చూసుకుంటూ ఉండిపోయారు.

ఇక ఈ మధ్య జరిగినది. డీజిలు బళ్ల స్థానంలో కరెంటు బళ్లు ప్రవేశపెట్టాలని సంస్థ నిర్ణయించింది. ఛార్జింగు ఎక్కడ పెట్టాలి, ఏ రూటుకి ఏది పోవాలి, పాత డ్రైవర్లను కొత్త బళ్లకు ఎలా మళ్లించాలి అన్నది పెద్ద యజ్ఞం. పెద్ద ఇంజనీరుగారు స్వయంగా డిపోకి విచ్చేసి, సారుకు మరో రెండేళ్ల పునర్నియామకానికి పత్రం ఇచ్చారు. కింద సంతకం చేస్తే చాలు. డిపోలో సంబరం అంతా ఇంతా కాదు. కానీ రోజులు గడుస్తున్నా సంతకం పడలేదు. అందరూ కలిసి, మాటకారినని, నన్ను రాయబారం పంపారు.

“సార్, ఆ సంతకమేదో పెట్టేయండి. మీరు లేకుండా ఆ కరెంటు బళ్లు ముట్టుకుంటే మాకు షాకు కొడుతుంది.”

“మీరు రిటైరైనప్పుడు ఎవరైనా ఇలా బతిమాలారా మేస్త్రిగారూ?”

“నన్నా? గేటు దాకా సాగనంపి, మళ్లీ లోపలికొస్తానేమోనని గొళ్లెం పెట్టారు సార్. అయినా ఆగానా?”

సారు నవ్వారు. నవ్వు తగ్గాక, కాగితం మీద చెయ్యి పెట్టి అన్నారు: “ఉండాలనే ఉంది. ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెప్దామని ఫోను తీస్తాను, నోరు రాదు. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పానో, ఫోనుకే కంఠతా వచ్చి ఉంటుంది.”

“పోనీ నేను చెప్పనా?”

“వద్దు మేస్త్రిగారూ. మీరు చెబితే రెండేళ్లు కాస్తా ఇరవై అవుతుంది.”

ఇది న్యాయమైన మాటే గనుక నేను ఊరుకున్నాను. సారు ఫోను చేయకముందే, సన్మాన సభకు ఇంకా వారం ఉండగానే, అమ్మగారు దిగారు. ఈసారి వాన లేదు. ఆటోలో వచ్చారు. చేతిలో పెద్ద ఖాళీ సంచులు, నైలాను తాళ్ల చుట్ట. క్వార్టర్సుకైనా పోకుండా నేరుగా షెడ్డులోకి వచ్చి, బెంచీ మీద కూర్చుని, నన్ను చూసి ముఖమంతా వెలిగించుకుని అడిగారు:

“అన్నయ్యా, గట్టి అట్టపెట్టెలేమైనా ఉన్నాయా? మీ అయ్యగారి సామాను సర్దాలి. ఫిల్టర్లు వచ్చేవి అయితే బాగా పట్టుకుంటాయి.”

షెడ్డులో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రెండో పుట్టుక చేతిలోని స్పానరును అవసరం లేకపోయినా తుడవడం మొదలుపెట్టాడు. స్టోరు గుమస్తా పెట్టెలు తేవడానికి వెళ్లి, అవి ఇక్కడెక్కడో కాక విదేశాల్లో ఉన్నట్టు, ఎంతకీ రాలేదు. తాళాల బోర్డు దగ్గర నిలబడ్డ సారు, చేతిలో ఒక తాళంచెవిని అటూ ఇటూ తిప్పుతూ, చివరికి అన్నారు:

“ఏమోయ్... వాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు.”

ఆవిడ తాడు చిక్కు తీస్తున్నారు. చెయ్యి ఆగలేదు. “ఆహా.”

“ఇంకా సంతకం పెట్టలేదు.”

“పెట్టాలనుందా?”

సారు ఆవరణ వైపు చూశారు. తాళాల బోర్డు వైపు చూశారు. అబద్ధం చెప్పడం వారికి ఎన్నడూ చేతకాలేదు. “ఉంది,” అన్నారు.

“నాకూ వార్డు వదిలొచ్చిన రోజున అలాగే ఉండింది. పెడితే పెట్టండి. పెట్టెలు మాత్రం నేను తీసుకెళ్తాను, ఇంట్లో దేనికైనా పనికొస్తాయి.”

గాలి కొట్టే కంప్రెషరు ఒక్కటే మొరుగుతోంది. ఆవిడ చూపు తిప్పుకోవడానికన్నట్టు ఆవరణలోకి చూసి, గేటువైపు ముఖం పెట్టి ఉన్న వ్యానును చూపించారు.

“అన్నయ్యా, అన్ని బళ్లూ పోయినా అదొక్కటే కదల్లేదు, చెడిపోయిందా?”

మౌనం భరించలేని జబ్బు నాది. మాట దొరికిందే చాలునని అందుకున్నాను. “చెడిపోవడమా! డిపోలో అన్నిటికన్నా బాగున్న బండి అదేనమ్మా. స్పేరు బండి. ఎప్పుడు పిలుపొస్తుందోనని సిద్ధంగా ఉంటుంది.”

“పాపం, అలా ఎన్నాళ్లు నిలబడుతుంది?”

“ఓ వారం. అంతే. తర్వాత దాన్ని రోడ్డెక్కించి ఇంకోదాన్ని తెచ్చి పెడతాం. బండి తిరిగితే పాడవదమ్మా, నిలబడితేనే పాడవుతుంది. బ్యాటరీ దిగిపోతుంది, బరువంతా ఒక్క చోటే పడి టైర్లు నొక్కుకుపోతాయి. అందుకని వంతులు. అది సారు పెట్టిన రూలే.”

ఆవిడ నవ్వారు. ఎత్తిపొడుపు లేని నవ్వు. అందుకే అది అంత దూరం వెళ్లింది.

“అవునా. బళ్లకి వంతులు పెట్టారన్నమాట. నన్నే మర్చిపోయారు.”

అని, తాడు చుట్ట చుట్టి సంచిలో వేసుకున్నారు. సారు చేతిలో తిరుగుతున్న తాళంచెవి ఆగింది. దాన్ని కొక్కేనికి తగిలించబోయి, గురి తప్పి కింద పడేశారు. ఇన్నేళ్లలో ఆ బోర్డు దగ్గర వారి చేతినుంచి తాళం జారడం నేను చూడలేదు. వంగి తీసి, సరైన కొక్కేనికి తగిలించి, ఆఫీసు గదిలోకి వెళ్లి, ఆ పత్రం తీసుకుని బయటికి వచ్చి, కాలినడకన పెద్ద ఇంజనీరుగారి కార్యాలయం వైపు వెళ్లారు.

వారు తిరిగి వచ్చేసరికి చేతిలో కాగితం లేదు. పెద్ద ఇంజనీరుగారు ఎంతగానో నచ్చజెప్పారట. కోపగించుకున్నారట. చివరికి టీ తెప్పించారట. సంతకం లేకుండానే పత్రం ఆయన బల్లమీద ఉండిపోయింది. సారు నా పక్కన బెంచీ మీద కూలబడి, నాకొక్కడికే వినబడేలా అన్నారు: “వారం దాటి నిలబెట్టకూడదని రాసింది నేనే కదా మేస్త్రిగారూ.” అప్పటికి స్టోరు గుమస్తా విదేశాలనుంచి అట్టపెట్టెలతో తిరిగి వచ్చాడు. సారును ఆపడానికి రాయబారిగా వెళ్లిన నేనే, ఆ పెట్టెల్ని సారు సామాను కోసం తాడు వేసి కట్టి ఇచ్చాను.

అప్పటినుంచి వారు ప్రతి ఉదయం, తమ స్థానంలోకి రాబోతున్న మన సహాయ ఇంజనీరమ్మను బోర్డు పక్కన నిలబెట్టి, తాళం ఆవిడ చేతే ఇప్పిస్తున్నారు. మొదటిరోజు ఆవిడ డ్రైవర్లను చూసి ప్రశ్న అడగడానికి సిగ్గుపడ్డారు. మూడో రోజుకు ఒకణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టారు. సారు దూరంగా నిలబడి చూశారు. ఆ ముఖంలో సంతోషమూ ఉంది, ఇల్లు వేరొకరికి అప్పగించే మనిషి ముఖంలో ఉండేది కూడా ఉంది. కరెంటు బళ్ల యజ్ఞం కొంత తడబడుతుంది, కొంత ఆలస్యమవుతుంది, అయినా జరుగుతుంది. ఇదంతా మాకు తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఊరుకోదు. వచ్చే నెల మొదటి తేదీన డిపోలో బళ్లన్నీ కదులుతాయి, తాళాలన్నీ చేతులు మారతాయి, గేటు దగ్గర మాత్రం మనిషంత ఖాళీ ఒకటి ఎవరూ నడవని చోటుగా మిగిలిపోతుంది. ఆ ఖాళీలోంచి బండి తీస్తే హారను కొట్టాలనిపిస్తుందని ఒక డ్రైవరు నాతో అన్నాడు. నేను వాణ్ణి తిట్టాను. తిట్టాక అటు తిరిగి ముక్కు చీదుకున్నాను.

మాకు ఇంత వెలితి ఉంటే, ఈ మనిషి కోసం మూడు దశాబ్దాలకు పైగా ప్రతి బస్సు చప్పుడుకీ తలెత్తి చూసిన ఆ ఇల్లాలి వెలితి ఎంతటిదో నేను ఈ వారంలోనే మొదటిసారి ఆలోచించాను. మేము రోజూ చూసినవారిని ఆవిడ సెలవుల్లో చూశారు. మాకు దక్కిన ఉదయాలన్నీ ఆవిడకు రావలసినవి. అందుచేత, సారూ, మిమ్మల్ని పంపడం మాకు ఇష్టం లేదు, పంపకపోవడానికి మాకు మొహం లేదు. నిండు మనసుతో సెలవిస్తున్నాం.

ఆ రోజు ఆటో ఎక్కబోతూ అమ్మగారు నాతో ఒక మాట చెప్పారు. ఇల్లు కట్టుకున్నప్పుడు వసారాలోకి రెండు పేము కుర్చీలు కొన్నారట. ఒకదాని అల్లిక ఆవిడ కూర్చుని కూర్చుని ఇప్పటికే రెండుసార్లు తెగింది, మళ్లీ అల్లించారు. రెండోదానికి కొట్లో చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇప్పటికీ విప్పలేదు. ‘దుమ్ము పడుతుందని అన్నయ్యా’ అన్నారు. దుమ్ము కోసం కాదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

సారూ, ఇంటికి చేరిన మొదటి సాయంత్రమే ఆ కాగితం మీ చేతులతో చింపండి. ఒంట్లో సత్తువ తగ్గకుండా, కళ్లలో చూపు మసకబారకుండా, పక్కనున్నావిడ పిలిచిన ప్రతి పిలుపూ చెవినపడేలా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. కూర్చుని కూర్చుని దాని అల్లిక తెగిపోవాలి. మళ్లీ అల్లించుకోండి. అది కూడా తెగిపోవాలి. ఆ ఊళ్లో పేము అల్లేవాళ్లు రెండు తరాలు మారి, మీ వసారా దారి వాళ్లకు కళ్లు మూసుకున్నా తెలిసేదాకా, మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉండాలని, ఈ డిపోలోని ప్రతి మనిషి తరఫునా, పెద్దవాడిగా మనసారా దీవిస్తున్నాను.